అమ్మ కొండెక్కి వచ్చిన రోజు

పోర్టులో ప్రమాద సూచిక పెంచారని రేడియోలో చెప్పగానే మా హాస్టల్ వార్డెను అందరినీ కింది అంతస్తు భోజనాల హాల్లోకి తోలేసింది. డెబ్బైల చివర్లో మాట. కిటికీల దగ్గరికి పోవద్దు, బకెట్లు నింపుకోండి, లాంతర్లలో కిరసనాయిలు చూసుకోండి అని ఒకటే కేకలు. అమ్మాయిలకేమో క్లాసుల్లేవని సంబరం. నాకు మాత్రం కాలు నిలవడం లేదు. యూనివర్సిటీ కొండ దిగితే జాలరిపేట. అక్కడ ఒడ్డునే మా తాటాకిల్లు. అయ్య పడవ సముద్రం మీదుంది, ఇంట్లో అమ్మ ఒక్కతే.

మా ఇళ్లల్లో ఒక పట్టింపు ఉండేది. మగాడు వేటకెళ్లి తిరిగొచ్చేదాకా ఇంటి తలుపు ముయ్యకూడదు, ఆడమనిషి ఇల్లు విడిచి ఉండకూడదు. తలుపేస్తే పడవకి దారి మూసినట్టేనట. చిన్నప్పుడొకసారి చలికి నేను తలుపు చేరేస్తే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చుకుంది.

మధ్యాహ్నం గాలి ఊపందుకుంటుండగా అమ్మ వచ్చింది. నెత్తిన గోనెసంచి, ఒంటికి అతుక్కుపోయిన తడి చీర. పోన్లే, ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది అనుకున్నాను. ప్రాణం లేచొచ్చి పక్కన చాప కూడా పరిచాను. ఆవిడగారు కూచుంటేగా! ముందు గోడ దగ్గరికెళ్లి అరచేత్తో తట్టి చూసింది. పైకప్పు చూసింది. అప్పుడు నా తల నిమిరి, ఇక ఎళ్తానంది.

ఈ గాలిలో ఎక్కడికమ్మా అని వార్డెను కూడా బతిమాలింది. నాకు ఒళ్లు మండిపోయింది. నీ తలుపు సంగతి గాలికేం తెలుసు, చదువుకున్న కూతురి మాట ఒక్కసారైనా వినవా అని అందరి ముందే కసిరాను. చెయ్యి పట్టుకుని వదల్లేదు. అమ్మ కోప్పడలేదు. మెల్లగా నా వేళ్లు విడదీసింది.

"మీ అయ్య ఇంకా నీటి మీదున్నాడే. నానిక్కడ కూకుంటే ఇంటికాడ ఎవులున్నారు?" అని వానలోకి దిగిపోయింది.

మా హాలు చెక్కుచెదరలేదు. తెల్లారి కొండ దిగితే మా వీధి ఉన్నచోట ఇసుక మేట వేసుంది. సముద్రం ఇళ్ల మీదికొస్తుంటే ఇరుగుపొరుగు వాళ్లు బడిలోకి పరిగెత్తారట. అమ్మని పిలిస్తే రానందట. వాళ్లే అమ్మని బయటికి తీసి గుడ్డ కప్పారు.

తర్వాత ఆ కొండ మీదే ఉద్యోగం చేశాను, పిల్లల్ని కన్నాను. ఇప్పటికీ తుఫాను అనగానే ఇంట్లో వాళ్లు కొవ్వొత్తులు, రొట్టెలు తెచ్చిపెడతారు. నాకవేవీ వద్దు. నాకు అమ్మ కావాలి. ఆ చేపల వాసన, గరుకు అరచెయ్యి కావాలి. ఈసారి దొరికితే కసరను, గడ్డం పట్టుకుని బతిమాలుకుంటాను.

అమ్మని బయటికి తీసిన రోజు సాయంత్రమే అయ్య వచ్చాడు. అమ్మ కొండెక్కిన వేళకే భీమిలి దగ్గర ఒడ్డెక్కేశాడట. నీళ్లు తగ్గేదాకా ఆగి నడిచొచ్చాడు. పేటలోకి అడుగు పెట్టకముందే ఆపాలని నేను బీచిరోడ్డు మీదే ఎదురెళ్లాను. నన్ను చూడగానే అయ్య మొహం విప్పారింది.

"హమ్మయ్య, బాగున్నావు. మీయమ్మ నీ కాడికే వచ్చుంటాదని దారంతా అనుకుంటానే వచ్చాను. వచ్చింది కదే?"

వచ్చింది అయ్యా, అన్నాను.