బాలస్వామి సార్ కాలిలోని కవాటాలు

బాలస్వామి సార్ ఇరవైతొమ్మిదేళ్ళు నిలబడే పాఠం చెప్పాడు. మిడుతూరు దగ్గరి పల్లెలో కూలి చేసుకునే తల్లిదండ్రులకు పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, ఆళ్లగడ్డలో ఓ ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు జీవశాస్త్రం చెప్పడానికి వచ్చాడు. తరగతిలో కుర్చీని హాజరుపట్టీ పెట్టుకోవడానికి తప్ప వాడింది లేదు. ఏటా పదో తరగతికి రక్తప్రసరణ పాఠం వచ్చినప్పుడు ఎర్ర చాక్‌పీసుతో ధమనులు, నీలం చాక్‌పీసుతో సిరలు గీసేవాడు. సిరల్లో కవాటాలుంటాయి, అవి రక్తాన్ని వెనక్కి పోనివ్వవు అని రెండుసార్లు పిల్లల చేత అనిపించి, ఒక మార్కు ప్రశ్న అని గుర్తు పెట్టించి తరవాతి పేజీకి వెళ్ళిపోయేవాడు. ఆ కవాటాల గురించి అంతకు మించి ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

నలభై దాటాక ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. సాయంత్రానికి కాలు బరువెక్కేది. నిలబడే ఉద్యోగం, మామూలే అనుకున్నాడు. తరవాత చీలమండకు పైన, లోపలివైపు చర్మం నల్లబడి దురద మొదలైంది. గోకిన చోట రూపాయి బిళ్ళంత పుండు పడింది. షుగరేమోనని పరీక్ష చేయించుకుంటే లేదన్నారు. పసరు కట్టించుకున్నాడు, ఎన్నో రకాల మందులు పూశాడు. మానినట్టే మాని మళ్ళీ పగిలేది. ఆరేళ్ళలో అది అరచేతిలో సగమంత అయింది. మధ్యాహ్నానికే కట్టు తడిసి ప్యాంటుకు అంటుకునేది. వాసన పిల్లలకు తెలుస్తుందేమోనని ముందు బెంచీల దగ్గరికి పోవడం మానేశాడు. చర్చిలో చాప మీద కూర్చుంటే పక్కవాళ్ళ కంట పడుతుందని ఆరాధన అయ్యేదాకా వెనక గోడ దగ్గర నిలబడేవాడు. అలా నిలబడ్డ ప్రతి గంటా పుండును ఇంకాస్త పెంచుతోందని ఆయనకు తెలియదు.

ఆయన భార్య సుబ్బలక్ష్మి అంగన్‌వాడీ టీచరు. నంద్యాల నుంచి డాక్టర్లు వచ్చి, నిలబడి పనిచేసేవాళ్ళ కాళ్ళు పరీక్ష చేస్తున్నారని, హోటల్ వంటవాళ్ళు, కండక్టర్లు, మంగలి షాపులవాళ్ళు అందరూ పోతున్నారని ఆమే ఇంటికి కబురు తెచ్చింది. ఆయన పోనన్నాడు. అంతమందిలో ప్యాంటు పైకి మడవలేనన్నాడు.

"ఏందయ్యా, ఇంగా ఎన్నాళ్ళు దాపెడతావు?" అంది ఆమె. "ఆ కట్టు గుడ్డ ఉతికేది నేను. అది యాడికి పోతాందో నాకు తెలీదా?"

ఆయన చెప్పులేసుకున్నాడు.

మార్కెట్ దగ్గర కల్యాణమండపంలో తెరలు కట్టి ఉన్నాయి. లోపల స్కానింగ్ యంత్రం ముందున్న యువకుణ్ణి చూసి బాలస్వామి గుమ్మంలోనే ఆగిపోయాడు. పదమూడేళ్ళ కింద తన దగ్గర చదివిన సమీర్. శిష్యుడి ముందు ఆ పుండు విప్పాలంటే ప్రాణం చచ్చిపోయింది. సమీర్ మాత్రం లేచి నమస్కారం పెట్టి, తనే కింద కూర్చుని గుడ్డ విప్పాడు. ముఖం చిట్లించలేదు. పుండు కొలత రాసుకుని, శుభ్రం చేసి కొత్త కట్టు కట్టి, ఆయన్ను చిన్న పీట మీద నిలబెట్టాడు. ముందు మంచి కాలు చూద్దామని కుడి తొడ లోపలివైపు చల్లటి జెల్ రాసి, చేతిలోని పరికరాన్ని ఆనించాడు.

తెర మీద బూడిదరంగులో ఒక గొట్టం కనపడింది. అందులో రెండు తెల్లటి రెప్పలు, ఉల్లిపొర కన్నా పలచగా. సమీర్ ఆయన పిక్కను చేత్తో నొక్కాడు. రెప్పలు విచ్చుకున్నాయి. హుష్షుమని శబ్దమొచ్చి, పైకి పోయే రక్తానికి యంత్రం వేసే నీలం రంగు ఎగిసింది. చెయ్యి వదలగానే రెప్పలు రెండూ ఒకదానికొకటి అంటుకుని మూసుకున్నాయి. ఒక్క చుక్క కిందికి రాలేదు.

బాలస్వామి కళ్ళార్పలేదు.

"అదేందప్పా?"

"కవాటం, సార్. మీరు చెప్పిందే."

తరవాత ఎడమకాలు. నొక్కితే నీలం పైకి పోయింది. వదలగానే, వెనక్కి వచ్చే రక్తానికి వేసే ఎర్రరంగు కిందికి దూకింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు సెకండ్లు. పైకి పోయిన రక్తమంతా మళ్ళీ పాదం వైపే జారుతోంది. ఇక్కడ రెప్పలు సాగిపోయి కలుసుకోలేకపోతున్నాయని, రోజంతా ఆ బరువు చీలమండ మీద పడి చర్మం చిట్లిందని సమీర్ నెమ్మదిగా చెప్పాడు. ఆయన చెవికి అది సగమే ఎక్కింది. మళ్ళీ కుడికాలు చూపించమన్నాడు. ఇంకోసారి చూపించమన్నాడు. తెర అవతల వరసలో ఉన్నవాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు.

"ఒక మార్కు ప్రశ్న అని చెప్పినా కదరా నేను," అన్నాడు చివరికి.

"నాకు ఆ మార్కు రాలేదు, సార్," అన్నాడు సమీర్.

ఆ సాయంత్రమంతా ఆయన వరండాలో కూర్చుని కుడికాలు చూసుకుంటూ ఉండిపోయాడు. తప్పటడుగులేసిన నాటి నుంచి, బడికి మూడు మైళ్ళు నడిచిన రోజుల్లో, మొన్న మొన్న బస్సు కోసం పరిగెత్తినప్పుడు, వేసిన ప్రతి అడుగుకూ ఆ రెప్పలు తెరుచుకుని మూసుకున్నాయి. తనను అడగలేదు, తనకు చెప్పలేదు. పాడైన కాలి మీద ఉన్న కోపం కూడా ఆయనకు పోయింది. అది మాత్రం ఎన్నాళ్ళు మోసిందని!

మండపంలో జరిగిన ఆ పరీక్షలు ఒక పరిశోధనలో భాగం. దాన్ని నడిపే డాక్టర్ సౌజన్య ఆత్మకూరు మనిషి, రక్తనాళాల సర్జన్. ఎవరి పుండు మానుతుంది, మానినవాళ్ళలో ఎవరికి తిరగబెడుతుంది అన్నది ఐదేళ్ళపాటు వెంట ఉండి చూడాలని ఆమె సంకల్పం. నంద్యాల ఆసుపత్రిలో ఆమె చెడిన సిరను లేజరుతో లోపలినుంచే మూసేస్తామని చెప్పింది. మూస్తే రక్తం యాడికి పోతుందని ఆయన అడిగాడు.

"లోపల పెద్ద సిరలు ఉండాయి సార్. ఈ దారి మూస్తే ఆ దారిన పోతాది."

"దానికెవరు చెప్తారమ్మా?"

"ఎవరూ చెప్పబన్లేదు. అదే పోతాది."

పుండు మళ్ళీ రాకుండా ఉంటుందా అని కూడా అడిగాడు. కొందరికి వస్తుంది, ఎందుకొస్తుందో పూర్తిగా తెలీదు, అందుకే మీలాంటివాళ్ళు కావాలి అందామె. బాలస్వామి ఆ మాటకు తల వంచాడు. ఇరవైతొమ్మిదేళ్ళలో నల్లబల్ల మీద తెలీదు అనే మాట తను ఒక్కసారీ రాయలేదు. ఆమె చూపిన కాగితాల మీద సంతకం పెట్టాడు.

లేజరు రోజున కాలికి మాత్రమే మత్తు ఇచ్చారు. గదిలో దీపాలు తగ్గించారు. మోకాలి దగ్గర సూదిరంధ్రం నుంచి వెంట్రుకంత తీగ లోపలికి పోయింది. ఆయన తల కొద్దిగా ఎత్తి చూశాడు. తొడ చర్మం కింద ఎర్రటి వెలుగు చుక్క ఒకటి, సన్నగా, నిదానంగా జరుగుతోంది. తన లోపల దీపం నడవడం చూస్తూ ఆయన ఊపిరి బిగబట్టాడు. మామూలుగా ఊపిరి తీసుకోండి సార్ అని డాక్టరమ్మ చెప్పాల్సి వచ్చింది. గంట తిరక్కుండానే కాలికి ఒత్తుగా కట్టు కట్టి నడవమన్నారు. నడిచాడు.

ఆపైన ప్రతి గురువారం ఆళ్లగడ్డ బస్సెక్కి నంద్యాలకు వెళ్ళేవాడు. సమీర్ పుండు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పెట్టి, పెన్నుతో అంచు గీసి, గళ్ళు లెక్కబెట్టేవాడు. మొదటివారం నలభైమూడు గళ్ళు. మూడోవారం ముప్పైఒకటి. అంచుల నుంచి గులాబీరంగు చర్మం లోపలికి పాకివస్తుంటే ఆయన భూతద్దం తెచ్చుకుని మరీ చూసేవాడు. పన్నెండో వారం కాగితం మీద గీయడానికి ఏమీ మిగల్లేదు. సుబ్బలక్ష్మి ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఆదివారం ఆయన చర్చిలో చాప మీద కూర్చున్నాడు.

పదో తరగతికి పాఠం వచ్చినప్పుడు ఈసారి కుర్చీలో కూర్చునే చెప్పాడు. పిల్లల మోచేతికి పైన రుమాలు బిగించి కట్టించి, ఉబ్బిన నరం మీద వేలితో కిందికి తోసి చూడమన్నాడు. రక్తం కవాటం దగ్గర ఆగిపోవడం చూసి ప్రవళిక అనే అమ్మాయి అది తన చెయ్యేనా అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది. ఆ రెండు పేజీలకే వారం పట్టింది.

మరుసటి మే నెలలో ఎండలు మండిపోయాయి. రక్తం కిందికి జారకుండా కాలికి రోజూ వేసుకోమని ఆసుపత్రిలో ఇచ్చిన బిగుతు మేజోడును ఆయన తీసి అలమరలో పెట్టాడు. చెమటకు కాలు ఉడికిపోతోందని ఒకరోజు, రేపు వేసుకుందాంలే అని ఇంకోరోజు. నెల తిరిగేసరికి పాత మచ్చ మీద కందిగింజంత పగులు వచ్చింది.

ఆయన సిగ్గుతో కుంగిపోయాడు. ఆసుపత్రిలో కొత్తవాళ్ళకు ధైర్యం చెప్పడానికి ఆయన్నే చూపిస్తున్నారు. వెళ్ళినప్పుడల్లా నింపే ప్రశ్నల కాగితంలో, మేజోడు రోజూ వేసుకున్నారా అనే గడిలో అంతదాకా అవునని టిక్కు పెట్టి ఉన్నాడు. ఈసారి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అబద్ధం రాస్తే పుండు ఎందుకొచ్చిందో ఆ డాక్టరమ్మకు ఎప్పటికీ తెలియదు. తెలీదని ఒప్పుకున్న మనిషిని తను తప్పుదారి పట్టించినట్టవుతుంది. లేదు అని రాసి, కింద తేదీలు కూడా వేశాడు. లోపలికి వెళ్ళి చెప్పేశాడు.

"తప్పు చేసినా తల్లీ. ఎండకు తాళలేక తీసేసినా."

సౌజన్య కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీరొక్కరే చెప్పినారు సార్. మిగతావాళ్ళను మళ్ళా అడుగుతా."

అడిగింది. దాదాపు సగంమంది వేసవిలో తీసేసినట్టు ఒప్పుకున్నారు. టిక్కులు మాత్రం అందరూ పెట్టారు. ఆ తరవాత ప్రశ్నల పట్టిక మార్చారు. మే, జూన్ నెలలకు పలచటి కట్టు, మధ్యాహ్నం కాళ్ళు ఎత్తిపెట్టి పడుకోవడం అని కొత్త పద్ధతి మొదలుపెట్టి, అది పనిచేస్తుందో లేదో కూడా కొలవసాగారు. బాలస్వామి పగులు ఐదువారాల్లో పూడింది.

మూడో ఏడు నిండాక పరిశోధనలో ఉన్నవాళ్ళందర్నీ నంద్యాలలో ఒక హాలుకు పిలిచారు. గోడ మీద పెద్ద పటం వేశారు. ఒక్కో మనిషి పుండు కొలతకు ఒక్కో సన్నటి గీత. రెండువందలకు పైగా గీతలు ఎడమ నుంచి కుడికి దిగుతూ పోతున్నాయి. కొన్ని తిన్నగా అడుగుకు చేరాయి, కొన్ని మళ్ళీ లేచాయి. లేచినవాటిలో చాలావరకు వేసవి నెలల దగ్గరే లేచాయి. బాలస్వామి కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ఇంతమంది కాళ్ళు, ఇన్నేళ్ళ నొప్పి, ఒక గోడ మీద కనపడుతోంది. అందులో తను రాసిన ఒక నిజం కూడా.

పక్కన కూర్చున్న హుస్సేన్‌బీ హోటల్లో రొట్టెలు చేస్తుంది. ఆమె మెల్లగా అడిగింది.

"సార్, నాది యాడుంది?"

ఆయన లేచి ఆమెను గోడ దగ్గరికి తీసుకుపోయాడు. పరిశోధనలో ఆమెకిచ్చిన అంకె వెతికి, ఆమె గీత మొదలైన చోట వేలు పెట్టించాడు. ఆమె వేలు నెమ్మదిగా గీత వెంబడి కదలసాగింది.