కొట్టని తుపాకి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు రెండు పేర్లుండేవి. ఒకటి బడి రిజిస్టరులో రాయించింది, రెండోది మా పెదనాన్న పెట్టిన ‘ప్రశ్నపత్రం’. కనిపించిన ప్రతి వస్తువునీ ఇదేంటి, ఇదెందుకు, ఇది విప్పితే ఏమవుతుంది అని అడుగుతూ తిరిగేదాన్ని. పత్రం పెద్దదే కానీ జవాబులు రాసే తీరిక ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. దాంతో కొన్ని జవాబులు స్క్రూ డ్రైవరు పుచ్చుకుని నేనే వెతుక్కునేదాన్ని.

మా పెదనాన్నది పెద్ద గొంతు. భీమవరం దగ్గర మా ఊళ్లో ఆ రోజుల్లో వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులుగా మారుతున్నాయి. ఆయన మాత్రం ఇరవయ్యేళ్ల కిందటే, అందరికన్నా ముందు, తన పొలం చెరువులు తవ్వించారు. ఈ గట్టు మీంచి ఆ గట్టు మీది మనిషిని పిలిచి పిలిచి ఆ గొంతు అలా తయారైందని మా మామ్మ అనేది. ఇంట్లో మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగినా అవతలి గట్టుకి వినపడేలా అడిగేవారు. నేను చెప్పబోయే వేసవికి ముందు ఏడాది ఆయన బైనాక్యులర్ అద్దాలు ఊడదీసి, ఒకదాంతో చీమల్ని చూస్తూ దొరికిపోయాను. చుట్టాల ముందు ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. ఆ మాటేమిటో గుర్తు లేదు. వంటింట్లో మా అమ్మ చేతిలోంచి గరిటె జారి పడిన చప్పుడు మాత్రం గుర్తుంది. అప్పట్నించి ఆయన గొంతు సవరించుకుంటే చాలు, నా భుజాలు రెండూ లేచి చెవుల్ని ముట్టుకునేవి.

ఆయన దగ్గర మా ముత్తాత నాటి పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకి ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా అది పోలీసు స్టేషనుకి వెళ్లి పడుకుని, ఓట్ల లెక్కింపు అయ్యాక ఇంటికి వచ్చేది. మిగతా కాలమంతా దాని ఉద్యోగం చెరువుల మీద వాలే నీటికాకుల్ని బెదిరించడం. గాల్లోకి పేల్చడమే తప్ప గురి చూడాల్సిన పని లేదు. ఎలా పేల్చినా ఆకాశానికి తగలకపోదు కదా. పేలిన ప్రతిసారీ ఆ తుపాకి ఆయన్ని వెనక్కి గుద్దేది. చేప పిల్లలు వేసిన కొత్తలో కాకుల తాకిడి ఎక్కువ. ఆ రోజుల్లో ఆయన కుడిభుజం కమిలి వంకాయ రంగుకి తిరిగేది. మామ్మ ఉప్పు కాపడం పెడుతూ, కాకులేమో ఎగిరిపోతున్నాయి, దెబ్బలు నీకు మిగులుతున్నాయి అని విసుక్కునేది.

అలాంటి మనిషికి యాభయ్యో ఏట గురి నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. రాజమండ్రి అవతల ఒక పాత కంకర క్వారీలో కొందరు పెద్దమనుషులు కలిసి షూటింగ్ రేంజి నడిపేవారు. అక్కడ నేర్పేది మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైన ఒకాయన. రేంజిలో పన్నెండు బోరు పనికిరాదని, పాయింట్ టూటూ టార్గెట్ రైఫిలు ఉండాలని ఆయన చెప్పారట. లైసెన్సులో దానికి పర్మిషన్ వచ్చేసరికి ఏడాది గడిచి, నాకు వేసవి సెలవులు కూడా వచ్చాయి. శనివారం ఇనుము కొనకూడదు గనక శుక్రవారమే కొనడానికి బయల్దేరారు. నన్నెందుకు తీసుకెళ్లారంటే, వద్దంటే వచ్చే ప్రశ్నల కన్నా కారెక్కించడమే తేలికని.

రాజమండ్రిలో ఆ షాపు ఇనుప ఊచల తలుపు వెనక, కళ్లద్దాల దుకాణమంత చిన్నగా ఉంది. షాపాయన ఒక సెకండ్ హ్యాండ్ రైఫిలు తీసి బల్ల మీద పెట్టారు. ఎవరో పోటీలకి వాడుకుని, చూపు మందగించి అమ్మకానికి ఇచ్చారట. చెక్క మీద చెంప ఆనే చోట రంగు వెలిసి, అద్దంలా నున్నగా ఉంది. పెదనాన్న దాన్ని ఎత్తి చూశారు, తట్టి చూశారు, విత్తనం వడ్లు కొనేటప్పటి అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు. నా కళ్లు మాత్రం తూటా మీదున్నాయి. అది నా చిటికెన వేలంత కూడా లేదు. ఇంత బుల్లిది ఎలా పేలుతుందని అడిగాను. షాపాయన నా అదృష్టం కొద్దీ ఓపిక మనిషి. ఇందులో నిప్పు పుట్టించే మందు అడుగున అంచు చుట్టూ ఉంటుందని, లోపలి సూది మధ్యలో కాక ఆ అంచు మీద కొడుతుందని చెప్పారు. అందుకే లోపలేమీ లేకుండా ట్రిగ్గరు నొక్కకూడదట, సూది వెళ్లి ఇనుముకే తగిలి పాడవుతుందట. ఉత్తినే నొక్కి అలవాటు చేసుకోవాలంటే, పేలిపోయిన తూటా డొల్లని లోపల పెట్టి నొక్కాలట.

బేరం కుదిరింది. ఆదివారం రేంజిలో పేల్చి చూసుకుని, నచ్చకపోతే తెచ్చేయమని, వాపసు తీసుకుని లైసెన్సులో నంబరు కొట్టేయిస్తానని షాపాయన మాటిచ్చారు. పెదనాన్న హుషారుగా నావైపు తిరిగి, ఇది పరీక్ష పాసయితే నీక్కూడా అయిదు తూటాలు అన్నారు.

ఆ అయిదు తూటాల కోసం నేను ఏ పూజ చెయ్యమన్నా చేసేదాన్ని. చేశాను కూడా.

మా ఇంట్లో కొత్తగా ఏది వచ్చినా, కారైనా, నీళ్ల మోటారైనా, ఆఖరికి మిక్సీ అయినా, బొట్టు పెట్టందే పనిలోకి దిగేది కాదు. శనివారం పొద్దున్న మామ్మ రైఫిలుని పీట మీద పడుకోబెట్టి, గంధంలో కుంకుమ కలిపి చెక్క మీద మూడు బొట్లు పెట్టింది. తర్వాత కళ్లు సరిగ్గా ఆనక గిన్నె నా చేతికిచ్చి, "కొసదాకా పెట్టవే, ఎక్కడా బోసిగా వదలకు" అంది. అంత స్వేచ్ఛ నాకు అంతకు ముందెవరూ ఇచ్చి ఎరగరు. గొట్టం పొడుగునా పెట్టుకుంటూ చివరిదాకా వెళ్లాను. అక్కడ ఒక ఇనుప ఉంగరం, దాని లోపల నిలబెట్టిన సన్నటి ముల్లు. అచ్చం గర్భగుళ్లో దేవుడు. దేవుణ్ణి బోసిగా వదిలితే ఎలాగని, అగ్గిపుల్ల కొనకి గంధం అద్ది, ఊపిరి బిగబట్టి, ముల్లు నెత్తిన ఒక బొట్టు నిలబెట్టాను. ఆ వేడికి సాయంత్రానికల్లా అది రాయిలా గట్టిపడింది. మర్నాడు కారెక్కే ముందు పెదనాన్న రైఫిలంతా గుడ్డతో తుడిచారు గానీ, ఉంగరం లోపలికి గుడ్డ దూరలేదు.

విజ్జేశ్వరం దగ్గర బ్యారేజీ ఎక్కాం. గోదావరి ఒక పక్క నిండుగా, ఇంకో పక్క ఇసుక తిన్నెలుగా ఉంది. ఒకే నదికి రెండు ముఖాలెందుకని అడిగితే పెదనాన్న జవాబు చెప్పారు కూడా. ఆయన అంత మంచి హుషారులో ఉన్నారు ఆ పూట.

క్వారీలో నిలువుగా కోసిన రాతి గోడ, దాని ముందు మట్టికట్ట, కట్ట ముందు కాగితం టార్గెట్లు. కాగితం మధ్యలో నల్లటి గుండ్రం. సుబేదారు గారు సన్నటి మనిషి, గొంతు అంతకన్నా సన్నం. ఆయన మాట వినాలంటే మనం నోరు మూసుకోవాల్సిందే. పెదనాన్న బోర్లా పడుకుని పది తూటాలు పేల్చారు. పన్నెండు బోరు అలవాటున్న చెవులకి ఆ చప్పుడు ఎండుకొమ్మ విరిగినంతే. కాగితం తెచ్చి చూస్తే నల్ల గుండ్రంలో ఒక్క చిల్లు లేదు. అన్నీ కిందనే, అదీ చల్లినట్టు చెదిరిపోయి. మూడు అసలు కాగితాన్నే ముట్టుకోలేదు.

ఆయన మళ్లీ తూటాలు నింపుకుంటుంటే, సుబేదారు గారు నాకు గురి సంగతి చెప్పారు. వెనక గంటు, ముందు ముల్లు నెత్తి, నల్ల గుండ్రం ఒకే వరసలోకి రావాలట. ముల్లు నెత్తి వెంట్రుకవాసి పెరిగినా, గుండు అక్కడ బాగా కిందికి పోతుందట. నాకు కాళ్ల కింద క్వారీ కదిలినట్టయింది. పెదనాన్న అలాంటి ముల్లు చూడడం అదే మొదటిసారి గనక, దాని తల పుట్టుకతోనే గుండ్రమనుకున్నారు. అక్కడ ఏముందో నాకొక్కదానికే తెలుసు.

రెండో పదీ అదే వరస. పక్కన పేలుస్తున్న పెద్దమనుషులు తుపాకులు దించి, మర్యాదగా ఇంకోవైపు చూడసాగారు. ఆ మర్యాద పెదనాన్నకి కారం రాసినట్టయింది. దీని గొట్టమే వంకరని, చూపు మందగించి కాదు, ఇది గురి తప్పాకే ఆయనెవరో వదిలించుకున్నాడని, మధ్యాహ్నమే షాపులో పడేసి వస్తానని, అవతలి గట్టుకి వినపడేలా చెప్పారు.

చెబితే ఇంతమంది ముందు ఆ గొంతు. చెప్పకపోతే ఏ పాపం ఎరగని రైఫిలు వెనక్కి, దాంతోపాటు నా అయిదు తూటాలూ వెనక్కి. ప్రశ్నపత్రానికి మొట్టమొదటిసారి జవాబు తెలిసింది, రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

సుబేదారు గారు రైఫిలు అందుకుని, పడుకుని గురి చూశారు. లేచి ఒక్కసారి నావైపు చూశారు. "ఈసారి నేను నింపి ఇస్తానండి, మీరు నొక్కడం ఒక్కటే చూసుకోండి" అని పెదనాన్నతో చెప్పి, అటు తిరిగి నింపి ఇచ్చారు. పెదనాన్న చెంప ఆనించి, గురి పట్టి, నొక్కారు. పేలలేదు. టక్కుమని చిన్న చప్పుడు. కానీ గొట్టం కొస మాత్రం జానెడు కిందికి పొడుచుకుపోయింది, భుజం ముందుకి తోసుకొచ్చింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. పేలని తుపాకికి అంత కుదుపు. సుబేదారు గారు బోల్టు లాగితే లోపల్నించి తూటా డొల్ల దొర్లి చాప మీద పడింది.

"మీ భుజం పన్నెండు బోరు దెబ్బ కోసం కాచుక్కూర్చుందండి. ఇది కొట్టదు" అన్నారాయన.

ఇక ఆ గొంతు లేస్తుందని నా భుజాలు ముందే లేచాయి. పెదనాన్న పడుకునే, ఎడంచేత్తో కుడిభుజాన్ని తడుముకుని, "ఇరవయ్యేళ్లు తిందండి. మర్చిపోమంటే మర్చిపోతుందా" అన్నారు. ఆ మాట మాత్రం ఈ గట్టు మీదే వినపడింది. పక్కాయన నవ్వారు, పెదనాన్నా నవ్వారు.

ఆ తర్వాత గంటసేపు సుబేదారు గారు ఒకసారి తూటా, రెండుసార్లు డొల్ల, ఏది ఎప్పుడో తెలియకుండా పెట్టి ఇస్తూనే ఉన్నారు. గొట్టం పొడుచుకోవడం మెల్లమెల్లగా తగ్గి, ఆగిపోయింది. అప్పుడు పది తూటాలు వరసగా పేల్చమన్నారు. కాగితం వచ్చింది. పది చిల్లులూ అరచేతిలో పట్టేంత చోట ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. కానీ అన్నీ నల్ల గుండ్రానికి కిందనే.

చెదిరితే తప్పు మనిషిదని, అన్నీ ఒక్కచోట చేరి పక్కకి పోతే సామానుదని సుబేదారు గారు చెప్పారు. "మీ వంతు అయిపోయిందండి. ఈ మిగిలింది మీది కాదు" అని, మంచినీళ్లు తాగడానికి కూజా వైపు వెళ్లిపోయారు. మళ్లీ మావైపు చూడలేదు. పెదనాన్న రైఫిలు ఒళ్లో పెట్టుకుని, మరి దీనికేం రోగమో అని తనలో తనే అనుకున్నారు.

కళ్లు మూసుకుని చెప్పేశాను. "నేనే పెదనాన్నా. ఆ ముల్లుకి బొట్టు పెట్టాను."

గొంతు కోసం ఎదురుచూశాను. రాతి గోడ మీద పావురాలు కువకువలాడుతున్నాయి. ఎంతకీ ఏమీ రాకపోతే ఒక కన్ను తెరిచాను. ఆయన నా ముఖం చూడడం లేదు. నా భుజాలు చూస్తున్నారు. అవి చెవుల దగ్గరున్నాయి. వాటినే చూస్తూ, ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నారు.

"దించమ్మా. కొట్టదు."

తర్వాత అగ్గిపుల్ల అడిగి తెప్పించి, ఉంగరంలోకి దూర్చి ఆ బొట్టుని గీరారు. ఎర్రటి పొడి రాలింది. దాన్ని పారేయకుండా తన నుదుటికి అద్దుకుని, రైఫిలు నా చేతికిచ్చి, చెంప ఎక్కడ ఆనించాలో చూపించారు. నా అయిదు తూటాల్లో మూడు మా కాగితానికి, ఒకటి పక్కాయన కాగితానికి తగిలాయి. అయిదోది ఎటు పోయిందో ఆ క్వారీకే తెలియాలి. పక్కాయన చాలా మర్యాదస్థుడు, తన కాగితం మీది ఆ చిల్లు తనవాటన్నిటికన్నా మధ్యకి ఉందని మెచ్చుకున్నారు.

మేం బయల్దేరేటప్పుడు సుబేదారు గారు ఆ డొల్ల నాకిచ్చారు. గురి చూసినప్పుడే ఆయనకి బొట్టు కనపడకుండా ఉండదు. అయినా ముందే ఎందుకు చెప్పలేదని నేనడగలేదు. ఇన్నేళ్ల ప్రశ్నపత్రంలో నేను వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

పెదనాన్న గొంతు ఆ తర్వాతా అవతలి గట్టుకే వెళ్లేది. నామీద లేచేటప్పుడు మాత్రం మధ్యలో ఆగి, ఎడంచెయ్యి కుడిభుజం మీదికి వెళ్లేది. నా భుజాలు పూర్తిగా దిగడానికి ఇంకో మూడు నాలుగేళ్లు పట్టింది. ఇప్పటికీ పై అధికారి ఫోను మోగితే కొంచెం లేస్తాయి. మంచి వార్త చెప్పడానికి చేసినా లేస్తాయి.

ఇప్పుడు ఇంట్లో పెద్ద గొంతు నాదేనట, పిల్లలు అంటుంటారు. మొన్న మా మేనకోడలు నా కొత్త కారుని గేటు స్తంభానికి గీరించి, తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కారు గీత నాకింకా కనపడలేదు. దాని భుజాలు కనపడ్డాయి. అప్పటికే నా గొంతు సగం దూరం వెళ్లిపోయింది. చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి ఆ డొల్లని వెతుక్కుంది. దాని అంచు మీద పేలినప్పటి గాటు ఒకటి, పేలనప్పటివి బోలెడు. వేలితో వాటిని తడుముతూ, ముందు నా భుజాలు దించుకున్నాను.

తర్వాత దానివి దించమన్నాను.