ఎద్దులు నాకిన పులి

ఆ రోజుల్లో ఎవరైనా ఉద్యోగం ఉందా అని అడిగితే ఉందని గొప్పగా చెప్పేదాన్ని, వచ్చే నెల కూడా ఉంటుందా అంటే మాత్రం మాట మార్చేదాన్ని. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్క ఊరి బడిలో సైన్సు టీచరమ్మను, అదీ టెంపరరీ. ఇన్‌స్పెక్టర్ వచ్చి, చూసి, మెచ్చుకుంటే ఉంటాను. లేకపోతే పెట్టే బేడా సర్దుకుని నిజామాబాద్‌లో బాపు దగ్గరికి పోవాలి. (బాపు అప్పటికే ఒక సంబంధం చూసిపెట్టాడు. నా ఉద్యోగం ఊడాలని మొక్కుకున్నాడేమోనని నా అనుమానం.) అందుకే ఇన్‌స్పెక్టర్ నోరు తెరుచుకుని నిలబడిపోయే పని చేయాలనుకున్నాను. లోకంలోని పిల్లిజాతినంతా బడి ప్రహరీ గోడ మీద, అసలెంత ఉంటాయో అంతే సైజులో, వరుసగా బొమ్మలు వేయిస్తే?

బోధన్‌లో దుకాణాల బోర్డులు రాసే చాచాను పిలిపించాను. ఈ చివర అన్నిటికన్నా చిన్నది, తుప్పురంగు మచ్చల పిల్లి. తోక తీసేస్తే మూరెడు కూడా ఉండదు. తర్వాత మన చెరుకు తోటల్లో తిరిగే అడవి పిల్లి, చిరుత, ప్యూమా, జాగ్వార్, సింహం, ఆ చివర రోడ్డు వైపు పెద్దపులి. తోకతో కలిపి ఆరు మూరలని చెప్పేసరికి చాచా కుంచె కింద పెట్టాడు. "గిది గూడ పిల్లేనా బేటీ? దీనికి పాలు ఎవలు పోస్తరు?" అన్నాడు. సింహం దాకా రంగుల్లో కలిపే తుమ్మ జిగురు సరిపోయింది. పులి దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. చాచా ఎక్కడికో పోయి, చక్కెర తీశాక మిగిలే నల్లటి తీపి మడ్డి డబ్బాడు పట్టుకొచ్చి రంగులో కలిపాడు. "ఫికర్ జెయ్యకు, మస్తు పట్టుకుంటది" అన్నాడు. సైన్సు టీచరమ్మనైన నాకు అందులో ఏ తప్పూ కనబడలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు పొద్దున్నే బయట ఒకటే గోల. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు పులి ముందు ఆగిపోయి, వెనక కనుచూపు మేర బారులు తీరాయి. ముందు బండి ఆయన నన్ను చూడగానే అరిచాడు. "టీచరమ్మా, గా పులిని తుడువుండ్రి! ఎడ్లు భయపడి అడుగు ఏస్తలెవ్వు. చెరుకు ఎండిపోతే మా గతేంగాను?"

పాపం అనిపించింది, నిజమే. కానీ బొమ్మ అంత సజీవంగా వచ్చిందా అని లోలోపల పొంగిపోయాను కూడా. పొంగుతూనే దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, రెండెద్దులూ హాయిగా కళ్ళు మూసుకుని పులిని నాకుతున్నాయి. ముందుకాళ్ళు అప్పటికే లేవు. పొట్ట సగం పోయింది. కొంగు నడుముకు చుట్టి ఒక ఎద్దు మూతిని రెండు చేతులతో అవతలికి తోశాను. అది నా చేతులు కూడా నాకి మళ్ళీ పులి మీద పడింది.

సరిగ్గా అప్పుడే, బండ్ల వెనక ఇరుక్కున్న జీపు దిగి, దుమ్ములో నడుచుకుంటూ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. గోడను చూశారు, నన్ను చూశారు. తమాషా చూస్తున్న ఆరో తరగతి పిల్లను అడిగారు. "వీటిలో అన్నిటికన్నా పెద్దది ఏదమ్మా?"

"పెద్దపులి సార్" అంది ఆ పిల్ల తడుముకోకుండా. "నిన్నటిదాక సింహం కంటె పెద్దగ ఉండె. ఇప్పుడు చిరుత కంటె చిన్నగయింది. ఎడ్లు తిన్నయ్."

ఆయన ఎంత నవ్వారంటే కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. "పిల్లలకు పాఠం వచ్చింది. మీరుండండమ్మా. పులిని మాత్రం లోపలి గోడకు మార్చండి" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాపు మాత్రం ఇన్‌స్పెక్టర్‌ను చాలా రోజులు తిట్టుకున్నాడు.

ఇప్పుడు మా మనవరాలు టీవీలో పులిని చూసి దుప్పట్లో దూరుతుంది. నాకేమో, ఎద్దుల నోట్లోంచి పులిని కాపాడుతూ చేతులనిండా సొంగతో నిలబడ్డ ఆ బక్కపల్చటి టీచరమ్మ కనబడుతుంది. వెళ్ళి కొంగుతో ఆ చేతులు తుడవాలనిపిస్తుంది.