మూత్రంలో అయోడిన్, గొంతులో గడ్డ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఆరోగ్య సర్వేలో కాంట్రాక్టు మీద ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. మూత్రాన్ని పరీక్షించి, జనం ఒంట్లోకి అయోడిన్ సరిపడా చేరుతోందా లేదా అని చూసే సర్వే అది. అయోడిన్ తక్కువైతే గొంతు కింద గడ్డ లేస్తుంది. అశ్వారావుపేట పామాయిల్ తోటలు దాటి అడవి అంచు ఊళ్లకు జీపులో పోయేవాళ్లం. బడిపిల్లల దగ్గరా ఆడవాళ్ల దగ్గరా మూత్రం తీసుకుని, సీసాలకు మూతలు బిగించి, ఐస్ పెట్టెలో సర్దడం నా పని. భద్రాచలంలోని కిరాయి గదికి చేరేసరికి ఒళ్లు హూనమయ్యేది. ఎంత రుద్ది కడిగినా చేతులకు వాసన పోలేదనిపించి అన్నం సయించేది కాదు.

ఒక వేసవిలో వెళ్లిన ఊళ్లో ఆడవాళ్లెవరూ సీసా ముట్టుకోలేదు. కొందరు నవ్వారు, కొందరు లోపలికి వెళ్లిపోయారు. అప్పుడొక యాభై ఏళ్లావిడ ముందుకొచ్చింది. గొంతు కింద జామకాయంత గడ్డ. నేను చెప్పిందంతా విని, మిగతావాళ్లకు కోయభాషలో ఏదో చెప్పి, తానే ముందు సీసా పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాతే అందరూ కదిలారు.

పని ముగించి జీపెక్కబోతుంటే ఆమె నా దగ్గరికొచ్చింది.

"నాది ఎప్పుడు చెప్తవు బిడ్డా?"

"ఏంది పెద్దమ్మా?"

"గీ గడ్డ సంగతి. మూత్రంల తెలుస్తదంటివి గద."

నేను చెప్పింది అయోడిన్ గురించి. ఆమె విన్నది తన గొంతు గురించి.

"ఒక్క మనిషి సంగతి గిట్ల తెల్వదు పెద్దమ్మా. ఇయ్యాల ఒక తీరుంటది, రేపొక తీరుంటది. చానా మందివి కలిపి చూస్తేనే ఈ దిక్కు మొత్తం ఎట్లుందో ఎరుకైతది. నువ్వు దవాఖానాకు పోవాలె."

"ఎవరు తోల్కపోతరు?"

జీపులోంచి మా సూపర్‌వైజరు పిలిచాడు. "మనది సర్వే మేడమ్, వైద్యం కాదు. రండి." ఆయన చెప్పిందీ నిజమే. జీపెక్కాను.

ఆ వారమే ఒక రోజు సెలవు పెట్టి వెళ్లి, ఆమెను బస్సులో భద్రాచలం దవాఖానాకు తీసుకొచ్చాను. డాక్టరు గొంతు నొక్కి చూసి, ఆపరేషన్ చెయ్యాలి, వరంగల్ వెళ్లండి అన్నాడు. ఆమె వరండాలో గోడకానుకుని కూర్చుంది.

"వరంగల్‌ల నాకెవరున్నరు? బువ్వ మింగుడు పడుతుంది గద, చాలు తియ్."

బతిమాలే ఓపిక నాకు లేదు. సాయంత్రం బస్సెక్కించాను.

కొన్నాళ్లకు ఫలితాలొచ్చాయి. ఆ ఊళ్లలో అయోడిన్ తక్కువగానే ఉంది. దొడ్డుప్పు మానేసి అయోడిన్ కలిపిన పొడి ఉప్పు వాడాలని ఊరూరా చెప్పించారు. మంచిదే. పుట్టబోయే పిల్లలకు మేలు చేస్తుంది. ఆమె గడ్డ మాత్రం ఉప్పుతో కరిగేది కాదు.

మరుసటి ఏడు మళ్లీ ఆ ఊరు వెళ్తే ఆమె గొంతు మీద అడ్డంగా కుట్ల మచ్చ కనిపించింది. చలికాలంలో ఊపిరాడకపోతే కూతురు ఊరుకోక వరంగల్ తీసుకెళ్లిందట. మాట బొంగురుపోయి గుసగుసలా వినిపిస్తోంది.

"బతికిన బిడ్డా. గొంతే పోయింది," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గడ్డతో పాటు థైరాయిడ్ గ్రంథినీ తీసేశారు కనుక ఇక రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, బతికినంత కాలం. ఆ మాత్రలు దగ్గర్లో దొరకవు. సర్వే నడిచినంత కాలం అటు వెళ్లినప్పుడల్లా నేనే తీసుకెళ్లి ఇచ్చాను. కాంట్రాక్టు అయిపోయాక ఆ పని ఆ ఊరికి వచ్చే ప్రభుత్వ నర్సమ్మకు అప్పజెప్పాను. "నేను చూసుకుంట, మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అందామె. అన్నట్టే చూసుకుంది. ఫోన్ చేసినప్పుడల్లా పెద్దమ్మ బాగుందని చెప్పేది. ఆ నర్సమ్మకు బదిలీ అయ్యాక నాకు కబురు చెప్పేవాళ్లు లేకపోయారు.