కృష్ణప్రసాద్ గారి ఎర్ర బిల్డు

తప్పు కనిపిస్తే కృష్ణప్రసాద్ గారు అడుగు ముందుకు వేయరు, పక్కవాళ్ళను వేయనివ్వరు. దోహాలో తాముండే ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో చాయ్ కొట్టు దగ్గర సమోసా విప్పి లోపల చూడందే ఎవరినీ కొరకనివ్వరు. "పెళ్ళిచూపులకొచ్చి నన్ను చూడలేదమ్మా, మా ఇంటి వైరింగ్ చూశారు! 'ఎర్తింగ్ లేదండీ' అన్నదే మా నాన్నగారితో ఆయన మొదటి మాట" అని ఆయన భార్య భానుమతి గారు, ఆయన ఆఫీసులోనే పనిచేసే ధాత్రికి చెప్పి పడీ పడీ నవ్వేవారు.

అటువంటి మనిషి చేతికి ఆఫీసులో అందరి కోడ్‌నూ కలిపి యాప్‌గా కూర్చే బిల్డు సర్వర్ చిక్కింది. ఇంకేముంది! ఎవరు కోడ్ పంపినా, దాన్ని నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్ ఒకటి తెచ్చి బిల్డులో బిగించారు. తప్పుంటే బిల్డు ఎర్రబడుతుంది, కోడ్ అక్కడే ఆగిపోతుంది. మొదటి రోజే ఆఫీసులో తెరలన్నీ ఎర్రబడ్డాయి. అందరూ తిట్టుకున్నారు. ఆయన సొంత కోడ్‌కూ ఎరుపే వచ్చింది. ఆయన మాత్రం "భలే పట్టిందే!" అని, కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు మురిసిపోయారు.

ధాత్రి కొత్తగా చేరింది, ఇంకా ప్రొబేషనే. ఆ గురువారం క్లినిక్ యాప్ రిలీజు. "నీ వల్ల లేటయిందంటే ప్రొబేషన్ గింతటితోనే ఖతం" అని మేనేజర్ జియావుద్దీన్ ముందే చెప్పి ఉన్నారు. ఎవరి తప్పయినా పేరు పెట్టి నలుగురి ముందు ఏకరువు పెడితే గానీ ఆయనకు తిన్నది అరగదు.

తీరా ఆఖరి గంటలో ధాత్రి బిల్డు ఎర్రబడింది. పేషెంటు ఫోన్ నంబరు ఇవ్వకపోతే యాప్ ఏం చేయాలో ఆమె రాయలేదు.

"సార్, ఒక్క గంట టూల్ ఆపండి. శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం రాగానే సరిచేస్తాను."

"మాఫీ! ఆపేది లేదు" అన్నారు కృష్ణప్రసాద్ గారు.

"నా ఉద్యోగం పోతుంది సార్!"

"పోదులే, కూర్చో. ఫోనే లేని ముసలావిడ క్లినిక్‌కి వచ్చిందనుకో. యాప్ ఏం చేయాలి? అది రాయి."

ఈ మనిషికి జాలన్నది లేదని మనసులో తిట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుని ధాత్రి రాయడం మొదలుపెట్టింది.

అంతలో జియావుద్దీన్ ఊడిపడ్డారు. "క్యా హువా భాయ్? క్లయింటు లైన్ల ఉన్నడు. ఎవరి వల్ల ఆగింది?"

ఆఫీసంతా తలెత్తి చూసింది. ధాత్రికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నా వల్లేనండీ" అన్నారు కృష్ణప్రసాద్ గారు. "టూల్‌లో రూలు తప్పుగా పెట్టాను. అరగంటలో సరిచేస్తా."

"మీరు తప్పు చేసిన్రా? మీరు?"

ఇన్నాళ్ళకు దొరికాడు కదా అని జియావుద్దీన్ ఆ అరగంటా ఆయన్ని వాయించి వదిలారు. ఆ అరగంటలోనే ధాత్రి కోడ్ సరిచేసింది. బిల్డు పచ్చబడింది, రిలీజు వెళ్ళిపోయింది.

"తప్పు నాదైతే మీరెందుకు మీద వేసుకున్నారు సార్?"

"యంత్రం నీ తప్పు నీకొక్కదానికే చెబుతుందమ్మా. ఆయనైతే ఊరందరికీ చెబుతాడు. టూల్ బిగించింది అందుకేగా!"

ధాత్రి కుర్చీ ఆయన వైపు తిప్పింది. ఈయన్నా ఇంతసేపూ తిట్టుకున్నది! చూస్తే ఆయన ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు.

"అన్నేసి మాటలు పడ్డారు, బాధగా ఉందా సార్?"

"ఆయన మాటలకేముందమ్మా! నిక్షేపం లాంటి రూలు. దాన్ని పట్టుకుని తప్పన్నాను చూడు."

ఆయన తెర మీద ఆ రూలు తెరిచి, దాని ముందు భక్తిగా చెంపలేసుకున్నారు.