వెనక ఎవరో వచ్చారు

గోల్ఫ్ అంటే నాకు తెలిసిందల్లా టీవీలో చానల్ మారుస్తున్నప్పుడు కనపడే పచ్చగడ్డి. ఆ గడ్డి మీద నిలబడి ఉద్యోగం కోసం భయపడాల్సి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేసి ఊరుకునేదాన్ని.

మా ఆఫీసులో రెండు టెస్టింగ్ టీములుండేవి. ఒకదానికి నేను లీడ్‌ని. రెండోదానికి లీడ్ నాకంటే బాగా చిన్నవాడు. రెండింటినీ కలిపేస్తున్నారనీ, ఇకమీదట లీడ్ ఒక్కరే ఉంటారనీ క్యాంటీన్‌లో గుప్పుమంది. అప్పుడే మా బాస్ ఒక మెయిల్ పెట్టాడు. క్లయింట్ వాళ్ళు వస్తున్నారు, వచ్చే నెలలో ఒక శనివారం పొద్దున అందరం సరదాగా గోల్ఫ్ ఆడదాం అని. ఆ 'సరదాగా' అన్న మాటని నేను మళ్ళీ మళ్ళీ చదివాను. లీడ్ పేరు ప్రకటించేది ఆ శనివారం తరవాతే అని అందరికీ తెలుసు. ఆ అబ్బాయి ఎప్పటినుంచో ఆడుతున్నాడట. నేనేమో కర్ర పట్టుకుని ఎరగను.

మానెయ్యొచ్చు కదా అన్నారు మావారు. ఆయనకేం, చెప్తారు. ఈ వయసులో లీడ్ పోస్టు పోగొట్టుకున్న మనిషిని హైటెక్ సిటీలో ఎవరు పిలిచి తీసుకుంటారు? కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాటి ఒక ప్రాక్టీస్ గ్రౌండ్‌కి వెళ్ళి, ఫీజు కట్టి, చేరిపోయాను.

మొదటి రోజు బంతి ముట్టుకోనివ్వలేదు. నిలబడటమే పాఠం. కోచ్‌ది చేవెళ్ల వైపు. మాటలో తొందర, చేతిలో ఎప్పుడూ ఫోను. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టమన్నాడు. నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర వంగమన్నాడు. అంటే వెనకభాగం వెనక్కి పోవాలి, వీపు స్కేలు బద్దలా ఉండాలి, మోకాళ్ళు కొంచెం వంగి వదులుగా ఉండాలి, బరువు మడమల మీద పడకూడదు, చేతులు వాటంతటవి వేలాడాలి. ఒక కర్ర తీసి నా వీపు మీద నిలువుగా ఆనించాడు. తలకీ వీపుకీ నడుము కిందకీ మూడు చోట్లా తగలాలట. నాకు తలకి తగిలితే నడుముకి తగలదు. ఏళ్ళ తరబడి లాప్‌టాప్ ముందు కూర్చున్న వీపు అది, ఏ కర్రకి లొంగుతుంది? పైగా అటూ ఇటూ మగవాళ్ళు బంతులు కొడుతుంటే అలా వెనక్కి పెట్టి నిలబడాలంటే నాకు చచ్చేంత సిగ్గు. ప్రతిసారీ చున్నీ లేదన్న సంగతి మర్చిపోయి సర్దుకోబోయేదాన్ని.

ఇంట్లో మాప్ కర్ర వీపుకి ఆనించుకుని హాల్లో గోడ దగ్గర సాధన చేశాను. వంగినప్పుడు వెనకభాగం గోడకి తగలాలి, బంతి కొడుతున్నట్టు చేతులు ఊపడం అయిపోయేదాకా ఆ తగలడం పోకూడదు. మెల్లగా కుదిరింది. ఒకరోజు అలా వంగి ఉండగా మామగారు పేపరు కోసం వచ్చారు. నేను చటుక్కున లేచి నిలబడ్డాను. కర్ర ఠంగుమని కింద పడింది. ఆయన చూడనట్టే, కానీయమ్మా, కానీయ్ అని పేపరు తీసుకుని వెళ్ళిపోయారు. మామగారు వస్తే లేవడం పెళ్ళయిన కొత్తలో అలవాటైంది. కూర్చోమ్మా అని ఆయన అంటూనే ఉంటారు, నేను లేస్తూనే ఉంటాను. అంతకుముందు బళ్ళో మాస్టారొస్తే లేచేవాళ్ళం. ఇప్పుడు ఆఫీసులో బాస్ నా సీటు దగ్గరికొస్తే లేస్తున్నాను. అక్కడ ఇంకెవరూ లేవరు.

గ్రౌండులో మాత్రం బంతి ఒకసారి లేచేది, ఒకసారి నేల మీద దొర్లేది. ఎందుకో అర్థమయ్యేది కాదు. రాత్రి పడుకున్నా కళ్ళ ముందు ఆ దొర్లే బంతే. శనివారం దగ్గరపడే కొద్దీ అన్నం సయించడం మానేసింది. చివరికి ఒక పొద్దున కోచ్ ఫోను జేబులో పెట్టేసి, నేను నాలుగు బంతులు కొట్టేదాకా నన్నే చూశాడు.

"మేడం, మీ నడుముల ఏం లేదు. మంచిగనే వంగుతున్నరు. ఎన్క నుంచి ఎవలన్న వస్తే లేస్తున్నరు. గప్పుడే కర్ర పోయి బాల్ తలకాయకు తాకుతున్నది."

నేను కాదన్నాను. ఆయన వాదించలేదు. నేను కర్ర పైకెత్తగానే నా వెనక చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచాడు. నా వీపు దానంతటది నిటారుగా లేచింది, బంతి దొర్లి దగ్గర్లోనే ఆగింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. జర ఫికర్ తగ్గించుండ్రి మేడం, బంతి పోయేదాక ఎవలచ్చినా లేవొద్దు, గంతే అన్నాడు. చెప్పడం తేలికే.

శనివారం రానే వచ్చింది. ఆ అబ్బాయి మొదటి బంతిని కనపడనంత దూరం కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నా వంతు వచ్చింది. పాదాలు పెట్టాను, తుంటి దగ్గర వంగాను, మోకాళ్ళు వదులు చేశాను. అన్నీ కుదిరాయి, నాకే తెలుస్తోంది. కర్ర పైకెత్తాను. వెనక బాస్ గొంతు వినపడింది, క్లయింట్‌కి నన్ను పరిచయం చేస్తున్నాడు. లేచిపోయాను. బంతి చీమలా పాకుతూ పోయి గడ్డిలో ఆగింది. పర్లేదు, పర్లేదు అన్నాడు బాస్. ఆ రెండు మాటలకే నాకు ఏడుపొచ్చింది. ఆ పూటంతా నా పేరు మీద ఎవరో గీత కొట్టేస్తున్నట్టే ఉంది.

పోస్టు నాకు రాలేదు. ఆ మాట చెప్పడానికి మంగళవారం బాస్ నన్ను మీటింగ్ రూముకి రమ్మన్నాడు. ముందే వెళ్ళి కూర్చున్నాను. అద్దం తలుపులోంచి ఆయన రావడం కనపడింది. తొడలు బిగుసుకున్నాయి, చేతులు కుర్చీ మీద ఆనాయి, లేవబోయాను. ఎవలచ్చినా లేవొద్దు. పాదాలు నేలకి నొక్కిపెట్టి, వీపు నిటారుగా పెట్టి, అలాగే ఉండిపోయాను. ఆయన లోపలికొచ్చి ఒక్క క్షణం నిలబడ్డాడు, నేను లేస్తే కూర్చోండి అందామని కాబోలు. తరవాత తనే కుర్చీ లాక్కున్నాడు.

టీములు కలిశాయి, లీడ్ ఆ అబ్బాయి, నేను అతని కింద పని చేయాలి. ఇంత మాత్రం చెప్పి ఫైలు మూశాడు. ఎందుకండీ అని అడిగాను. అడుగుతానని ఆయన అనుకోలేదు. గోల్ఫ్‌కీ దీనికీ సంబంధం లేదనీ, అది ముందే అనుకున్నదనీ అన్నాడు. నేను ఇంకా ఆయన మొహంలోకే చూస్తున్నాను.

"అతనైతే ఇంకొకరి కింద చెయ్యడానికి ఒప్పుకోడండీ, వెళ్ళిపోతాడు. మీరైతే ఎలాగూ సర్దుకుపోతారు కదా అనుకున్నాం."

ఇన్నేళ్ళూ నేను మర్యాద అనుకుని లేచిన ప్రతిసారీ వీళ్ళు లెక్కలో రాసుకున్నది ఇదన్నమాట. కోపం వచ్చింది. దాని వెంటే భయమూ వచ్చింది, ఇంటి ఈఎంఐ గుర్తొచ్చింది.

"ఈసారి సర్దుకోలేనండి," అన్నాను. "వేరే టీముకి లీడ్‌గా వేయండి. లేకపోతే నేనూ వెళ్ళిపోతాను."

చూద్దాం, మాట్లాడతాను అంటూ ఆయన లేచాడు. ఆయన లేచినా నేను లేవలేదు. తలుపు మూసుకున్నాక కిందికి చూసుకుంటే టేబుల్ కింద మోకాళ్ళు రెండూ దడదడలాడుతున్నాయి. మోకాళ్ళు వదులుగా ఉండాలన్నాడు కోచ్. వణక్కూడదని మాత్రం ఎప్పుడూ అనలేదు.