గేర్లు లేని కారుకు డ్రైవరు

నంద్యాల మిషను దొర దేశం విడిచి వెళ్లిపోతూ తన అమెరికా కారును ఆళ్లగడ్డ ఆదినారాయణకు అమ్మాడు. డెబ్బైల మొదట్లో సంగతి ఇది. కారుతో పాటే దాని డ్రైవరు నతానియేలు కూడా మిషను కొలువు వదిలి ఆదినారాయణ దగ్గరికి వచ్చాడు. వేరే దారి లేదు, ఆ బండి తోలడం తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ కారుకు క్లచ్చి లేదు, గేరు మార్చే పని లేదు. యాక్సిలేటరు తొక్కితే అదే వేగాన్ని బట్టి గేర్లు మార్చుకునేది. అలాంటి బండిని ఆళ్లగడ్డలో ఎవరూ చూసి ఉండలేదు. వీధిలో ఆగితే పెద్దవాళ్లు కూడా వంగి లోపలికి తొంగిచూసేవారు.

కారు చేతికొచ్చేనాటికే దానికో జబ్బు ఉంది. మొదటి గేరు నుంచి రెండోదానికి మారేచోట పట్టు జారేది. ఇంజను గొంతు చించుకుని అరిచేది, చక్రాలు మాత్రం ముందుకు లాగేవి కావు. నతానియేలు కాలికి ఆ గుట్టు తెలుసు. జారే ముందు యాక్సిలేటరు మీంచి పాదం ఎత్తి, ఊపిరి పీల్చుకున్నంతసేపు ఆగి, పసిబిడ్డ వీపు తట్టినట్టు మెల్లగా తొక్కితే గేరు పట్టుకునేది.

ఒకసారి ఆదినారాయణ తానే తోలతానని కూర్చున్నాడు. నడిబజారులో కారు ఒకటే అరుపు. వెనక బస్సువాడు హారను మోగిస్తున్నాడు. హోటలు ముందు కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. ఆయన దిగి తలుపు విసిరికొట్టాడు.

"ఇది నీ మాటే వింటాది గానీ నా మాట వినదప్పా" అన్నాడు నతానియేలుతో.

ఆ మాట నతానియేలు ఇంటికి తీసుకెళ్లి భార్య లూదియాకు చెప్పుకున్నాడు, కూతురు సలోమికి చెప్పుకున్నాడు. ఆదివారం గుడి అయ్యాక పేటలోని స్నేహితుడు ఏసయ్యకూ చెప్పాడు. ఆదినారాయణకు ఆళ్లగడ్డలో భూములు, నంద్యాలలో వేరుశనగ నూనె మిల్లు. రెండిటి మధ్యా నతానియేలు లేకుండా అడుగు పడేది కాదు. పెళ్లి ముహూర్తాలు సైతం "నతానియేలు ఖాళీనా?" అని అడిగి పెట్టుకునేవారు. వచ్చిన బంధువులకు ఏ గ్లాసులో కాఫీ ఇచ్చేవారో వసారాలో అతనికీ అదే గ్లాసులో ఇచ్చేవారు. ఆ ఇంట్లో అతని పేటవాళ్లలో ఇంకెవరికీ జరగని మర్యాద అది.

కారును బాగుచేయడం అతనికి తెలుసు. గేరుపెట్టె లోపల ఒక డబ్బా తిరుగుతుంది, దాని చుట్టూ ఇనుప పట్టీ ఉంటుంది. బ్యాండు అంటారు. ఆ బ్యాండు బిగిసి డబ్బాను పట్టుకుంటేనే గేరు పడుతుంది. అరిగి వదులైతే జారుతుంది. దాన్ని బిగించే మర పెట్టె పక్కనే, బయటికే ఉంటుంది. దొర ఆ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాడు. ఇన్నాళ్లూ తానెందుకు చేయలేదంటే, చేయాలన్న ఆలోచన రాలేదు. ఎందుకు రాలేదో అతను తవ్వి చూసుకోలేదు.

ఒక వానాకాలం ఆదినారాయణ భార్య ఉమామహేశ్వరమ్మకు కడుపునొప్పి వచ్చింది. నంద్యాల ఆసుపత్రికి బయలుదేరారు. శిరివెళ్ల దాటాక వంక దిగి ఎక్కేచోట కారు పట్టు విడిచి వెనక్కి జారింది. కింద ఎర్రనీళ్లు. ఆమె నొప్పి మరచిపోయి సీటును కరచుకుని కళ్లు మూసుకుంది. నతానియేలు పాదం ఎత్తి మళ్లీ మళ్లీ తొక్కాడు. నాలుగోసారికి బండి ఎక్కింది.

జబ్బు నయమై తిరిగొచ్చేటప్పుడు ఆమె అడిగింది. "నతానియేలూ, దీని రోగమేందో నీకు తెలుసంట గదా?"

"తెలుసమ్మా. దొర చేస్తాంటే చూసినా."

"చూసినోనివి చెయ్యలేవా? ఆ పొద్దు పానం పోయిందనుకున్నా."

ఆ గొంతులో నిందేమీ లేదు. అందుకే అతనికి సిగ్గు వేసింది.

గేరుపెట్టెలో పోసే ఎర్ర నూనె మద్రాసు నుంచి లారీలో తెప్పించాడు. ఒక శనివారం కారును నంద్యాలలో తన ఇంటికే తెచ్చుకున్నాడు. ముందు చక్రాల కింద నాపరాళ్లు పేర్చి, గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. లూదియా పక్కన గొంతుక్కూర్చుని అడిగిన స్పానరల్లా అందించింది.

పాత నూనె గోధుమరంగులో, మాడిన వాసనతో దిగింది. కొత్తది పోసే ముందు మర మీది నట్టు వదులు చేశాడు. మరను మెల్లగా, బ్యాండు డబ్బాకు ఆనేదాకా బిగించాడు. తర్వాత దొర చెప్పినట్టు కొద్ది చుట్లు వెనక్కి తిప్పాడు. అలా వెనక్కి తిప్పకపోతే బ్యాండు ఎప్పుడూ రాసుకుంటూనే ఉండి కాలిపోతుంది. మర కదలకుండా పట్టుకుని నట్టు బిగించాడు. మోచేతుల దాకా నూనె కారింది.

"అయిపాయనా?" అంది లూదియా.

"తోలితే గదా తెలిసేది."

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆత్మకూరు రోడ్డెక్కాడు. అలవాటు కొద్దీ పాదం ఎత్తబోయాడు. ఎత్తేలోపలే గేరు పడిపోయింది, వెన్నలో కత్తి దిగినట్టు. అతను గట్టిగా నవ్వాడు. లూదియా కూడా నవ్వింది.

సోమవారం ఆళ్లగడ్డలో ఆదినారాయణ తాళం తీసుకుని తానే కూర్చున్నాడు. బజారంతా తిరిగి, అదే హోటలు ముందు ఆపి, మళ్లీ కదిలించి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వారమంతా ఆయనే తోలాడు. నతానియేలు పక్కసీట్లోకి, ఆ తర్వాత వెనకసీట్లోకి మారాడు. నెల తిరక్కుండా ఆదినారాయణ అతన్ని వసారాలోకి పిలిచాడు.

"ఏమనుకోవద్దు నతానియేలూ. గేర్లు లేని కారుకు డ్రైవరెందుకు అంటాండారు అందరూ. నాకూ చేతనైతాండాది గదా. మిల్లు కాడ గేటు పని ఉండాది, చూసుకో."

"నేనే గదయ్యా దాన్ని బాగుచేసింది."

"అవునప్పా, అందుకే గదా గేటు పని ఇస్తాండా."

ఆ రోజు కారును కడిగి షెడ్డులో పెట్టే పని అతనిదే. షెడ్డులో ఎవరూ లేరు. స్పానరు జేబులోనే ఉంది. కారు కిందికి చెయ్యి పెట్టి నట్టు తడిమాడు. వదులు చేసి మరను కాస్త తిప్పితే చాలు, రేపటికి కారు మళ్లీ తన మాటే వింటుంది. నట్టు మీద వేళ్లు చాలాసేపు ఉన్నాయి. తర్వాత చెయ్యి తీసి గుడ్డకు తుడుచుకుని, తాళం ఉమామహేశ్వరమ్మకు ఇచ్చి బస్సెక్కాడు.

మిల్లు గేటు దగ్గర రెండేళ్లు చేశాడు. కారు వస్తే సలాం కొట్టి గేటు తెరవాలి. ఆదినారాయణది బరువు కాలు, ఎద్దును పొడిచినట్టు తొక్కేవాడు. ఒకనాడు గేటు దాటుతున్న కారు చప్పుడులోనే నతానియేలుకు తెలిసింది, బ్యాండు మళ్లీ జారుతోందని. ఉండబట్టలేక ఎదురెళ్లాడు.

"అయ్యా, బ్యాండు వదులైతాండాది. ఆదివారం నాకిస్తే..."

ఆదినారాయణ అతన్ని ఎగాదిగా చూశాడు. "మళ్లా డ్రైవరు పని మీదికి పోయిందా మనసు? బాగున్న కారుకు రోగమంటగట్టొద్దు. పో, గేటు చూసుకో పో."

నతానియేలు వెళ్లి గేటు చూసుకున్నాడు. ఆ తర్వాత చప్పుడు వినబడినా మాట్లాడలేదు.

చివరికి ఆళ్లగడ్డలో ట్రాక్టర్లు బాగుచేసే గురవయ్య ఆ మరను చూశాడు. వదులుగా ఉందనుకుని, చేతిలో ఉన్న బలమంతా పెట్టి బిగించేశాడు. వెనక్కి తిప్పలేదు, తిప్పాలని అతనికి చెప్పినవారు లేరు. కారు కొన్నాళ్లు బిర్రుగా నడిచింది. ఒక మధ్యాహ్నం శిరివెళ్ల దగ్గర పొగలు కక్కి ఆగిపోయింది. ఎడ్లను కట్టి లాక్కొచ్చారు. గురవయ్యకు తన తప్పు తెలిసిందో లేదో గానీ, "నా కంటే ముందు ఎవడో దీంట్లో చెయ్యి పెట్టినాడు" అన్నాడు. ఆ మాట చాలు.

ఆదినారాయణ మిల్లుకు వచ్చి అందరి ముందూ అడిగాడు. "పోతా పోతా ఏం చేసి పోయినావు నా కారుకు?"

"నేనేమీ చెయ్యలేదయ్యా."

"ఆ పొద్దు షెడ్డులో అంతసేపు ఏం చేస్తాంటివి? మా ఇంటామె వాకిట్లోంచి చూసిందంట, నువ్వు కారు కిందికి చెయ్యి పెట్టింది."

చెయ్యి పెట్టిన మాట నిజం. పెట్టి తీసేశానంటే నమ్మేదెవరు? నట్టు తడిమి చూశానని చెప్పడానికి నతానియేలుకు నోరు రాలేదు. హమాలీలు బస్తాలు దింపి నిలబడి చూస్తున్నారు. అతను గేటు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

ఆ కబురు అతనికంటే ముందే పేటకు చేరింది. గుడి దగ్గర ఏసయ్య భుజం తట్టి, "బాగా చేసినావులేన్నా, వాళ్లకు అట్లే కావాల" అన్నాడు. నతానియేలు కాదని చెప్పాడు. ఏసయ్య నవ్వాడు.

డోన్ లారీ ఆఫీసులో పని దొరికాక, బయలుదేరే రోజు లూదియా అన్నం పెడుతూ మెల్లగా అడిగింది.

"సలోమి నాయనా, నాకొక్కదానికి చెప్పు. తిప్పినావు గదా? తిప్పినా నేనేమీ అనుకోను."

ఆ పొద్దు గోనెసంచి పక్కన కూర్చుని స్పానర్లు అందించిన మనిషి. అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కళ్లలో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలి చూసి అతను కంచం ముందు నుంచి లేచాడు.

ఎనభైల్లో డోన్ నుంచి లారీ తోలుతూ ఆళ్లగడ్డ మీదుగా ఎన్నోసార్లు వెళ్లాడు. ఆదినారాయణ దొడ్లో కారు, చక్రాల్లేకుండా కోళ్లకు గూడై ఉందని క్లీనర్లు చెబితే విని బండి ముందుకు తోలేవాడు. ఒకసారి బొంబాయి డ్రైవరొకడు గేర్లు లేని కార్ల గురించి చెబుతూ, "నువ్వెప్పుడైనా తోలినావా అన్నా?" అని అడిగాడు.

"లేదు" అన్నాడు నతానియేలు, గేరు మారుస్తూ.